ఎదురుగా ఉన్న కొంగ

చెట్లూ పిట్టలూ చూసి మురిసిపోయే రకాన్ని కాను నేను. అయినా సెలవు రోజు పొద్దున్నే అన్నయ్య స్కూటర్ వెనకాల కూర్చుని, ఊరి బయట చెరువు పార్కుకి వెళ్ళాను. వదిన వినకూడని మాట ఒకటి మా ఇద్దరి మధ్యా ఉంది మరి.

అన్నయ్య బస్సు డ్రైవరు. రేపు డిపోలో కంటి పరీక్ష. కంటి వెనక పొర పాడైంది, అద్దాలతో పోయేది కాదని పెద్ద డాక్టరు తేల్చేశాడు. అది మా ఇద్దరికే తెలుసు. నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. డిపో డాక్టరు గదిలో గోడకి వేలాడే అక్షరాల చార్టు మా షాపు నుంచి వెళ్ళిందే. అచ్చం అలాంటిదే మా గోడకీ ఉంది. రోజూ షాపు తెరవగానే దాన్ని తుడిచేది నేనే కాబట్టి నిద్రలో లేపి అడిగినా అన్ని వరసలూ గడగడా చెప్పేస్తాను. అన్నయ్యకి కావలసింది అదే.

"నువ్వు చెప్పు, నేను అప్పజెప్తా. చిన్నప్పుడు నీకు ఎక్కాలు నేర్పింది ఎవరనుకున్నావ్?" అన్నాడు దారిలో.

పార్కు గేటు దగ్గర పిట్టల బొమ్మలున్న పెద్ద బోర్డు ఉంది. అన్నయ్య దానికి ముక్కు ఆనించినంత పని చేసి చదివాడు. "పరీక్ష ఉందా దీని మీద? కదులు" అన్నాను. నా నోరు అంతే, ఊరుకోదు.

అడవిలాంటి దారి దాటాక తుంగ మధ్యలోంచి నీళ్ళ మీదుగా చెక్క వంతెన మొదలైంది. అన్నయ్య తన రూటులో బస్సు తోలినంత ధీమాగా నడుస్తున్నాడు. నేనే కాలు కాలిన పిల్లిలా ముందుకీ వెనక్కీ తిరుగుతున్నాను.

"అదిగో నీటికాకి. పక్కనే బాతులు. తర్వాత లకుముకి ఉండాలి."

ఉండాలట! నీటికాకి నిజంగానే ఉంది. బాతులన్నవి తేలుతున్న ఆకులు. బోర్డు మీద ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో చూపిస్తున్నాడు మహానుభావుడు.

"ఆ కొంగని చూడు, ఎంత ఓపికో" అన్నాడు. నీళ్ళలో పాతిన కర్రకి చిరిగిన సంచీ చిక్కుకుని ఉంది.

"అవును" అన్నాను. అన్నాక నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఆయనకి స్టీరింగు తప్ప ఇంకో పని రాదు. అది లాగేసుకుంటే మనిషి ఏమైపోతాడోనని భయం. లాగేసుకోకపోతే, సందెచీకట్లో రోడ్డు దాటే వాళ్ళు ఏమైపోతారోనని అంతకన్నా భయం. రాత్రంతా ఇదే గోల, ఇక్కడికొచ్చినా ఇదే గోల.

"ఇంక మొదలెట్టు" అన్నాడు.

మొదటి వరస చెప్పేశాను. అప్పజెప్పాడు. రెండోది చెప్పాను. అదీ అప్పజెప్పి, ఉత్సాహంగా నడక పెంచాడు. వంతెన మలుపు తిరిగాం. ఎదురుగా, సరిగ్గా చెక్కల మధ్యలో, బూడిదరంగు కొంగ నిలబడి ఉంది. మా నడుం దాకా వచ్చేంత ఎత్తుంది.

"తర్వాత?" అంటూ అన్నయ్య దాని మీదికే నడుస్తున్నాడు. చూసే ఉంటాడు, ఆగుతాడు, ఇప్పుడు ఆగుతాడు అనుకున్నాను.

కొంగ ఒక్కసారిగా రెక్కలు విప్పి ఆయన ఛాతీ ముందునుంచే లేచింది. అన్నయ్య రెండు చేతులూ ముందుకి చాచి గాలిని గట్టిగా పట్టుకున్నాడు. కుడికాలు చెక్క మీద బలంగా నొక్కిపెట్టాడు, బ్రేకు మీద నొక్కినట్టు. కొంగ తుంగ దాటి వెళ్ళిపోయినా ఆ కాలు ఇంకా నొక్కుతూనే ఉంది.

"నీకు కనపడిందా?" అన్నాడు.

"కనపడింది."

"ఎప్పట్నుంచి?"

"మలుపు తిరిగిన దగ్గర్నుంచీ."

అక్కడే కూలబడ్డాడు. నేనూ పక్కన కూర్చున్నాను. "మిగతా వరసలు చెప్పను అన్నయ్యా. తిట్టు, కొట్టు, జన్మలో మాట్లాడకు. చెప్పనుగాక చెప్పను" అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. తిడితే బాగుండేది. తిట్టలేదు.

గేటు బయటికొచ్చాక స్కూటర్ తాళం నా చేతిలో పెట్టాడు. నాకు తోలడం రాదని ఆయనకీ తెలుసు. "ఎవరినైనా పంపి తెప్పిద్దాంలే" అని బస్టాపు వైపు నడిచాడు. బండిని అక్కడే వదిలేసి వెనకే వెళ్ళాను.

కాసేపటికి దూరంగా బస్సు కనపడింది. ఆయన డిపోదే. అన్నయ్య చొక్కా సర్దుకుని లేచి నిలబడ్డాడు. రోడ్డు వైపు కళ్ళు చిట్లించబోయి మానుకున్నాడు.

"ఏ నంబరో చూసి చెప్పవే" అన్నాడు.