బిళ్ళ విరిచిన క్యాసెట్

వీసీఆర్ అటక దిగి హాలు మధ్యలో బైఠాయించింది. పొద్దున్నించీ ఇల్లంతా దాని సేవలోనే ఉంది. ఇంటాయన మూత ఊడదీసి, మరలన్నీ పాత పేపరు మీద పరిచి, దూదికి స్పిరిట్ అద్ది లోపలెక్కడో తుడుస్తున్నాడు.

"ఏదైనా షాపులో ఇస్తే పోయేది కదండీ," అంది ఇల్లాలు, సోఫా కిందకి దొర్లిన మరను వెతుకుతూ.

"షాపు కుర్రాళ్ళు దీన్ని చూసి టిఫిన్ డబ్బా అనుకుంటారు. నువ్వు కాస్త ఊరుకో."

ఊరుకునే రోజు కాదది. కూతురికి కాలేజీ నాటకంలో మంచి వేషం వచ్చింది. వచ్చిందే గానీ, వెనక వరసకి మాట వినపడటం లేదట. రేపటి రిహార్సల్లో కూడా అంతే అయితే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తానని మేష్టారు చెప్పేశారు. వారం నుంచీ ఆ పిల్ల అద్దం ముందు అరుస్తూనే ఉంది.

"గాలంతా మొదటి మాటకే ఖర్చుపెట్టేస్తున్నావే. చివరి మాటకి కాస్త మిగుల్చుకో," అంది తల్లి నిన్న.

"అబ్బో! కుక్కర్ ముందు తప్ప నువ్వెప్పుడు స్టేజీ ఎక్కావమ్మా?"

ఆ మాట ముల్లులా దిగబడింది. కాలేజీలో మొదటి బహుమతి తెచ్చుకున్న నాటకం ఆవిడది. దాని వీడియో క్యాసెట్ బీరువాలో బట్టల అడుగున భద్రంగా ఉంది. దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా వెనక అంచునుండే చిన్న ప్లాస్టిక్ బిళ్ళని తన చేత్తోనే విరిచేసింది కూడా. చూపిస్తే గానీ ఈ పిల్ల నమ్మదు, నమ్మితే గానీ చెప్పిన మాట వినదు.

తీరా వీసీఆర్ తిరిగేసరికి కొత్త టీవీకి దాని తీగల ఎరుపు, పసుపు, తెలుపు పిన్నులు పట్టే కన్నాలే లేవు. ఆయన బజారుకెళ్ళి మధ్యలో తగిలించే డబ్బా ఒకటి తెచ్చాడు. అది తగిలించాక తెర నిండా గీతలు. వీసీఆర్ నెత్తిన ఒక్కటిచ్చాడు. గీతలు పోయాయి.

ఆవిడ అట్టపెట్టెలోంచి క్యాసెట్ బయటికి తీసి, ఆగిపోయింది. బిళ్ళ విరిచిన చోట సెల్లోటేపు. పసుపుపచ్చగా మారి, చక్కగా, పొందిగ్గా అంటించి ఉంది.

"ఇదెవరు అంటించారు?"

ఆయనకి ఉన్నట్టుండి ఒక మర మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. "నాకేం గుర్తుంటుంది? ముందు వెయ్యి, చూద్దాం."

తెర వెలిగింది. ఎర్ర పరదా తొలగింది. శాలువా కప్పుకున్న అమ్మాయి ఒకతె ఎడమ వైపు నుంచి నడిచొచ్చింది.

"అమ్మా! నువ్వేనా? అంత సన్నగానా!" కూతురు ముందుకి వంగింది.

ఆ అమ్మాయి గుండెనిండా గాలి పీల్చి, నోరు తెరిచింది. తెర మీద చుక్కల వాన కురిసింది. వాన వెలిశాక డోలు వాయిస్తూ ఒక కుందేలు వచ్చింది.

"ఆఁ, గుర్తొచ్చింది," అన్నాడాయన కూతురితో. "చిన్నప్పుడు ఇది పెడితే గానీ ముద్ద మింగేదానివి కాదు. ఆ పూట ఖాళీ క్యాసెట్ దొరక్క, టేపంటించి దీని మీదే రికార్డు చేశాను."

"నాన్నా, డోలు కుందేలు! పాట వస్తుంది చూడు ఇప్పుడు!"

తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన చేరి తాళం వేయడం మొదలుపెట్టారు. ఆవిడ టేపుని ముందుకి పరిగెత్తించి చూసింది. కుందేలు. మళ్ళీ కుందేలు. చివరి దాకా కుందేలే. మొదటి బహుమతి నాటకాన్ని మొత్తంగా మేసేసింది.

ప్లగ్గు ఊడబీకింది. కొంగు దోపుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి, వారంగా చెవిలో మోగుతున్న కూతురి డైలాగు తానే చెప్పింది. గొంతు పెంచలేదు.

"ఈ తలుపు మూసింది మీరు. తెరిచేది... నేను."

చివరి మాట మొదటి మాటంత నిండుగానే గది దాటిపోయింది. కింద గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తి కిటికీ వైపు చూశాడు. ఇంటాయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నచోటే ఉండిపోయింది.

కూతురు తల్లి వైపు తిరిగింది. "ఇంకోసారి చెప్పవా అమ్మా?"

"వెనక్కి తిప్పి తిప్పి వినడానికి నేనేమన్నా క్యాసెట్‌నా? లే. తిన్నగా నుంచో. భుజాలు దించు." ఆవిడ భర్త వైపు తిరిగింది. "మీరు ఆ మరలు ఎత్తండి ముందు. పిల్ల కాలికి గుచ్చుకుంటాయి."