గేరు రాడ్డుకు చిక్కిన లేసు

ఆమెను అందరూ లిఫ్టమ్మ అనేవారు. చెడిపోయిన లిఫ్టులు బాగుచేయడం ఆమె ఉద్యోగం. ఊళ్ళో సగంమంది వాచ్‌మన్లకు ఆమె అసలు పేరు తెలియదు. చివరికి ఇంట్లో ఆడపడుచు కూడా వేళాకోళానికి మొదలుపెట్టి, ఆ పిలుపునే ఖాయం చేసేసింది.

పొద్దున్నే మోటార్ సైకిల్ ఎక్కిందంటే ఒక భవనం నుంచి ఇంకో భవనానికి తిరగడమే పని. బండి దిగాక నిచ్చెనలెక్కాలి, లిఫ్టు గోతుల్లోకి దిగాలి, మోకాళ్ళ మీద కూర్చుని నట్లు బిగించాలి. ఇన్నేళ్ళూ పాత కాన్వాసు బూట్లతోనే నెట్టుకొచ్చింది. వాన వెలిసిన ఒక సాయంత్రం మలుపులో బండి జారి ఎడమ కాలి మీద పడేదాకా, కాళ్ళకేం వేసుకున్నానన్న ఆలోచనే ఆమెకు రాలేదు.

ఎముక విరగలేదు గానీ చీలమండ కుండలా ఉబ్బింది. కొన్నాళ్ళకు వాపు తగ్గింది, భయం మాత్రం తగ్గలేదు. బండి తాళం మేకుకు వేలాడుతూనే ఉంది. ఆమె బస్సుల్లో తిరగడం మొదలుపెట్టింది. బస్సు దిగి ఆమె చేరుకునేలోపు లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు తలుపులు బాదీ బాదీ సొమ్మసిల్లేలా ఉండేవారు. సూపర్‌వైజర్ మొహం రోజురోజుకూ మాడిపోతోంది.

భర్త అచ్చు యంత్రాల దగ్గర పనిచేసే మనిషి. యంత్రాల మధ్య బతికేవాడు కాబట్టి జాగ్రత్త ఎక్కువ, మాట తక్కువ.

"బండి మానెయ్యమని నేననను. మానేస్తే నువ్వు నువ్వులా ఉండవు," అన్నాడొకరోజు. "కానీ చీలమండ కప్పే బూట్లు కొనుక్కునేదాకా తాళం ముట్టుకోకు."

"మోకాలిదాకా వచ్చే బూట్లేసుకుని నిచ్చెన ఎలా ఎక్కమంటారు?"

"పొట్టివి కూడా దొరుకుతాయిట. వెళ్ళి చూడు."

ఆడపడుచును వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ పిల్ల బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఎవరికి ఏది నప్పుతుందో తనకు తెలిసినట్టు బ్రహ్మక్కూడా తెలియదని దాని నమ్మకం.

కొట్టు ఇరుకుగా, తోలు వాసనతో నిండి ఉంది. ఒక గోడంతా హెల్మెట్లు, ఇంకో గోడంతా బూట్లు. చీలమండకు కాస్త పైదాకా వచ్చే పొట్టి బూట్లు రెండు జతలు ఆమె ముందుకొచ్చాయి. ఒకటి నల్లది. ముక్కు మొద్దుగా ఉంది, లోపలి పక్కన జిప్పు, దాని మీద అతికే పట్టీ. రెండోది తేనెరంగు తోలుది, ముందంతా లేసులు. వేసుకుని అద్దం ముందు నిలబడేసరికి తన కాళ్ళేనా ఇవి అనిపించింది లిఫ్టమ్మకు.

"అబ్బ! వదినా, ఇవే తీసుకో. ఆ నల్లవి చూడు, గేదె గిట్టల్లా ఉన్నాయి," అంది ఆడపడుచు.

"లేసులు మరీ పొడుగేమో?" అంది లిఫ్టమ్మ.

కొట్టతను ఇంకో బేరంలో మునిగిపోయి ఉన్నాడు. "లేసు ఎంత బిగిస్తే అంత పట్టమ్మా. మిగిలింది లోపలికి దోపేసుకోండి," అని అటువైపు నుంచే కేకేశాడు.

చీలమండ దగ్గర వేలితో నొక్కి చూసింది. లోపల గట్టి డిప్ప తగిలింది. మడమ కుదురుగా ఉంది. ఇంకేం కావాలి? మనసులో ఏదో కాస్త గీరుకుపోతున్నా అద్దం ఆ మాట వినిపించనివ్వలేదు. తేనెరంగు జతే తీసుకుంది.

మర్నాడు పొద్దున ఇంటి ముందు బండి తుడుస్తుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, కంటాసుపత్రి భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది," అన్నాడు సూపర్‌వైజర్ గబగబా. "లోపల ముసలి దంపతులు. ఆయనకు ఉబ్బసమట, పీల్చే మందు కింద కొడుకు సంచిలో ఉండిపోయిందట. మిగతా మెకానిక్‌లు ఊరి అవతల ఉన్నారు. బస్సు కోసం చూడకమ్మా, ఎలాగోలా వెళ్ళు."

బూట్లు తొడుక్కుని లేసులు లాగి ముడేసింది. మిగిలిన కొసలు దోపాలన్న సంగతి ఆ కంగారులో గుర్తే లేదు. పనిముట్ల సంచి వీపున వేసుకుని, నడుస్తూనే హెల్మెట్ పెట్టుకుంది.

పడ్డ రోజు తర్వాత బండెక్కడం ఇదే మొదలు. గేరు వేస్తుంటే బూటు ముక్కు మందం వల్ల కాలు రాడ్డు కిందికి ఓ పట్టాన దూరడంలేదు. ప్రతిసారీ తల వంచి చూడాల్సి వస్తోంది. తల వంచినప్పుడల్లా ముందున్న రోడ్డు మాయమైనట్టుంది. 'ఉబ్బసం మనిషి' అనుకుంటూ పళ్ళబిగువున నడిపింది.

వంతెన ఎక్కే ఏటవాలులో ఎర్రదీపం పడింది. ఎడమ పక్కన సరుకుల వ్యాను, కుడి పక్కన నీళ్ళ ట్యాంకరు. ఆ రెంటి మధ్య బండి ఆపి ఎడమ కాలు కిందపెట్టబోయింది.

కాలు రాలేదు.

ఇంకోసారి లాగింది. బూటును ఎవరో పట్టుకున్నట్టు కాలు గేరు రాడ్డు దగ్గరే ఆగిపోయింది. బండి అప్పటికే ఎడమకు ఒరుగుతోంది. ఆ బరువును ఆపడానికి కింద కాలన్నదే లేదు. క్లచ్ వదిలి చేతికందింది పట్టుకుంది. అది వ్యాను అద్దం కమ్మీ. భుజం వెళ్ళి వ్యాను తలుపుకు గుద్దుకుంది. ఇంజన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమ్మా, చోటు దొరకలేదా? నా మీదే పడాలా?"

"అన్నా, వ్యాను కదపొద్దు! కాలు ఇరుక్కుపోయింది. కదిపితే పడిపోతాను!"

అదే క్షణాన పచ్చదీపం పడింది.

వెనక హారన్లు ఒక్కసారిగా గొంతెత్తాయి. కుడివైపు ట్యాంకరు బుస్సుమని బ్రేకు వదిలి కదిలింది. దాని పెద్ద చక్రాలు హ్యాండిల్ పక్కనుంచి దొర్లుతుంటే ఆ వేడిగాలి ఆమె మోచేతికి తగిలింది. వ్యాను ఒక్క జానెడు ముందుకు జరిగినా తను బండితో సహా కింద ఉంటుంది. జారితే అటు, వ్యాను వెనక చక్రాల కిందికే.

డ్రైవరు ఆమె మొహం చూశాడు. చేతిబ్రేకు చప్పుడయ్యేలా లాగి, కిటికీలోంచి చెయ్యి చాచి ఆమె కోటు కాలరు పిడికిట పట్టుకున్నాడు.

"నేను కదల్ను. నువ్వు నీ కాలు సంగతి చూస్కో," అన్నాడు. ఆ వెంటనే వెనక్కి తిరిగి, హారన్ కొట్టేవాడి ఏడు తరాలనూ పలకరించాడు.

కుడిచేత్తో బ్రేకు నొక్కిపట్టి, భుజం వ్యానుకు ఆనించి, లిఫ్టమ్మ ఎడమచేతిని మెల్లగా కిందికి జార్చింది. వేళ్ళకు తగిలింది లేసు. ముడి దగ్గరి ఉచ్చు రాడ్డు చివరకు తగులుకుని, కాలు లాగినకొద్దీ బిగుసుకుపోయింది. ఊడదీయడం ఆమె తరం కాలేదు. బిగించి కట్టిన బూటులోంచి పాదం ఇవతలికి వచ్చే దారీ లేదు. నిన్న ఎంతో ముచ్చటపడిన ఆ పట్టే ఇప్పుడు పీకలమీదికి తెచ్చింది.

తొడ జేబులో వైరు కట్టరు ఉంటుంది. తడిమింది. తాళం చెవులు తగిలాయి, టేపు చుట్ట తగిలింది, ఆ తర్వాత కట్టరు చేతికొచ్చింది. చెమట పట్టిన వేళ్ళలో అది ఒకసారి జారబోయింది. "ఇప్పుడు పడ్డావో, నీ పని చెప్తా," అంది దాన్ని, పైకే. డ్రైవరు తననే అంటోందనుకుని కాలరు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

కళ్ళతో చూడ్డానికి లేదు. వేలితో లేసును తాకి, ఆ వేలి పక్కనే కట్టరు పెట్టి నొక్కింది. తెగలేదు. మళ్ళీ నొక్కింది. టక్కుమని తెగి, కాలు ఒక్కసారిగా నేలను తాకింది. నేల తగలడం ఎంత హాయో ఆ పూట తెలిసిందామెకు. ఒళ్ళంతా ఆ కాలిమీద మోపి బండి నిలబెట్టింది.

"దిగి రానా?" అన్నాడు డ్రైవరు.

"వద్దన్నా. ఇక పడను. చల్లగా ఉండు."

బండిని ఆ పక్కకు తోసేసి అక్కడే చతికిలబడాలనిపించింది. జేబులో ఫోన్ కొట్టుకుంటూనే ఉంది. తెగిన కొసలు పీకి పారేసి, మీట నొక్కి బండి నడిపించింది. ప్రతి గేరుకూ వదులైన బూటు కప్పలా నోరు తెరుస్తూనే ఉంది.

కంటాసుపత్రి మెట్ల దగ్గర ముసలివాళ్ళ కొడుకు మందు చేత్తో పట్టుకుని పిచ్చివాడిలా తిరుగుతున్నాడు. వాచ్‌మన్ ఎదురొచ్చాడు. "లిఫ్టమ్మా, లోపల ఆయన మాట వినబడ్డంలేదు. ఆవిడ మాత్రం తిడుతూనే ఉంది."

తలుపుకు చెవి ఆనించింది. "నెమ్మదిగా, నెమ్మదిగా పీల్చమంటుంటే! పెళ్ళినాటి నుంచీ ఒక్కమాట విన్నారా మీరు?" అంటోంది ముసలావిడ గొంతు. ఆ వెనక ఈలలాంటి సన్నటి ఊపిరి వినబడింది.

"పెద్దమ్మా, మెకానిక్‌ని వచ్చాను. పైకెళ్ళి చేత్తో కదుపుతాను. తలుపు ముట్టుకోకండి. ఆయన్ని కూర్చోబెట్టి మీరు అలా తిడుతూనే ఉండండి."

లిఫ్టు యంత్రం గది మిద్దె మీద ఉంది. దానికి నిటారు ఇనప నిచ్చెన. మొదటి మెట్టు ఎక్కగానే వదులు బూటులో మడమ లేచిపోయి కాలు సగం జారింది. కమ్మీకి వేలాడి నిలదొక్కుకుంది. ఈ కాలితో ఎక్కితే మెకానిక్‌ని దించడానికి ఇంకో మెకానిక్ రావాలి. అక్కడే కూర్చుని, జేబులోని నల్లటి కరెంటు టేపు తీసి, తేనెరంగు తోలు చుట్టూ గిర్రున తిప్పి బిగించింది. నిన్న అద్దంలో అందాలు పోయిన బూటు ఇవాళ కట్టు కట్టిన కాలైంది. ఎక్కేసింది.

మెయిన్ స్విచ్చి ఆపింది. ఒక చేత్తో బ్రేకు మీట నొక్కి, రెండో చేత్తో చక్రం తిప్పింది. ముందు మొరాయించింది. పాదాలు గట్టిగా తన్నిపెట్టి నడుం బలమంతా వేసింది. లిఫ్టును మోసే మోకు మెల్లగా కదిలింది. లిఫ్టు అంతస్తుకు చేరిందీ లేందీ తెలియడానికి దాని మీద వేసిన రంగు గుర్తు అంగుళం అంగుళం పైకి వస్తుంటే, "ఇంకొంచెం, ఇంకొంచెం," అని తనకు తానే చెప్పుకుంది. గుర్తు గీతకు సరిపడగానే మీట వదిలి, బ్రేకు పట్టిందని చూసుకుని, పరుగులాంటి నడకతో కిందికి దిగి, తాళంతో తలుపు తెరిచింది.

ముసలాయన మూలకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. కొడుకు మందు నోటి దగ్గర పెట్టాడు. ఒక పీల్పు, ఇంకో పీల్పు. అక్కడున్న ఎవ్వరూ ఊపిరి తీసుకోలేదు. ఆయన ఛాతీ నెమ్మదిగా పొంగింది. కళ్ళు తెరిచి, కంటికి కట్టుతో పక్కనే ఉన్న భార్యను చూసి, "ఇక... తిట్టడం... ఆపవే," అన్నాడు.

ఆవిడ అప్పుడు ఏడ్చింది.

లిఫ్టమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. భర్తకు ఫోన్ చేసి జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"ఇంటికి రా," అన్నాడు యంత్రాల హోరులోంచి.

"ముందు కొట్టుకెళ్తాను. ఈసారి నేనే చూసుకుంటాను."

కొట్టతను టేపు చుట్టిన బూటు చూసి గాభరాపడ్డాడు. "కోసేసినవి వెనక్కి తీసుకోనమ్మా."

"ఇవ్వడానికి రాలేదు. ఆ నల్లవి తియ్యండి. నా బండి మీద కూర్చుని చూస్తాను."

అతను గొణిగినా లెక్కచేయలేదు. నల్లవి తొడిగి, వీధిలోనే బండెక్కింది. ముక్కు రాడ్డు కిందికి దూరుతోందా? మొదటి జత దూరలేదు. అదే రకంలో ముక్కు కాస్త పలచగా ఉన్నది తెప్పించింది. దూరింది. పైకి, కిందికి గేర్లు మార్చింది. కాలు తీసింది, పెట్టింది, తీసింది, పెట్టింది. పట్టుకునేది ఏదీ లేదు. గొంతుక్కూర్చుంది, మడమ కోసుకోలేదు. కొట్టు మెట్లు ఎక్కి దిగింది. గుమ్మం దగ్గర నీళ్ళు చల్లించి, తడి బండ మీద అడుగు గట్టిగా రాసి చూసింది. జారలేదు. వీధిలో జనం ఆగి మరీ చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

కబురు తెలిసి ఆడపడుచు పార్లర్‌లోంచి పరుగెత్తుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు. "నేనే కదా వదినా ఆ లేసులవి కొనిపించింది..."

"అద్దంలో చూసి మురిసింది నేను. నీదేముంది?" అంది లిఫ్టమ్మ. "ఇవెలా ఉన్నాయి?"

ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ కిందికి చూసింది. ఎంత ఏడుపులోనైనా అబద్ధం ఆడలేని ఘటం. "గేదె గిట్టలే," అంది.

"గేదె ఎప్పుడైనా జారి పడగా చూశావా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆడపడుచు కళ్ళు తుడుచుకుని, "సరే పద, ఇంటిదాకా నేనూ వస్తా," అంటూ వెనక సీటు ఎక్కబోయింది. దాని కాళ్ళకు సన్నటి మడమల చెప్పులు, వేళ్ళన్నీ బయటే.

లిఫ్టమ్మ సీటు మీద చెయ్యి అడ్డంపెట్టింది. "ఆ కాళ్ళతో నా బండి ఎక్కవు."

"అదేంటి వదినా! ఇంత దూరానికి?"

"నా కాలి మీద బండి పడ్డప్పుడు కూడా దూరమేం కాదు. లోపలికి నడు."

ఆడపడుచు మూతి ముడుచుకుని, కొట్టు మెట్లెక్కి, అద్దానికి వీపు పెట్టి కూర్చుని కాళ్ళు చాచింది. "లేసులు లేనివి చూపించండి," అంది కొట్టతనితో.