ఎవరి చేతిలో ఉంటే వాళ్లే హంతకులు

నేను ఒక కత్తిని. కంగారుపడకండి, నాతో వంకాయ కూడా తెగదు. అనకాపల్లిలో ఒక వడ్రంగి టేకు ముక్కను చెక్కి, వెండి రంగు పూసి, నన్ను నాటకాల గౌరీపతి మాస్టారి చేతిలో పెట్టాడు. నాకు ఎక్కడలేని గర్వం. జనం ఎగబడి చదివిన హత్యల నవలలో, ఆ హత్య చేసేది నేనే మరి!

ఆ నవలను మాస్టారు నాటకంగా రాశారు. రాసిన రోజునుంచి ఆయనకు నిద్ర కరువు. రచయిత్రి హేమనళిని గారు అనుమతి ఇస్తూ, "హంతకుణ్ణి మార్చారో, నాటకం ఆపేయిస్తాను" అన్నారు. హంతకుడు డాక్టరని ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. తెలిసిన హత్యను టిక్కెట్టు కొని ఎవరు చూస్తారు? మీ మనుషులు భలేవాళ్లు. ముందు చివరి పేజీ చదివేసి, తర్వాత ఉత్కంఠ లేదంటారు.

మొదటి ఆటకు రచయిత్రి ముందువరసలో కూర్చున్నారు. తెర లేవగానే వెనకనుంచి ఒకడు "డాక్టరేరా!" అని అరిచాడు. జనం గొల్లుమన్నారు. మాస్టారి మొహం మాడిపోయింది. దీపాలు ఆర్పగానే డాక్టరు చీకట్లో పొడిచేసి నన్ను సోఫా వెనక పడేశాడు.

అక్కడే వచ్చింది తంటా. మేనత్త వేషం వేసే పైడిరత్నానికి నేలమీద ఏదైనా కనబడితే చేతులు ఊరుకోవు. చీకట్లో నన్ను తీసి తన వక్కాకు సంచిలో వేసేసుకుంది. ఆ సంగతి అప్పుడే మరిచిపోయింది కూడా.

ఇన్‌స్పెక్టరు వచ్చి సోఫా వెనక వెతికాడు. లేను. సోఫా కింద వెతికాడు. లేను. తెర పక్కనుంచి మాస్టారు "కత్తిరా, కత్తి!" అని ఒకటే గుసగుసలు. ఇదేమీ పట్టని రత్నం అలవాటుగా ఆకు కోసం సంచిలో చెయ్యిపెట్టింది. ఆకులతోపాటు నేనూ బయటికొచ్చాను. ఇన్‌స్పెక్టరు గుడ్లప్పగించి చూశాడు. ఆవిడ ఒక్క క్షణం నన్నే చూసింది.

"ఏటలా సూత్తావు ఇనస్పెట్రూ? నానే పొడిసీసినాను!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. మాస్టారు మాత్రం "నా కొంప మునిగిందిరా దేవుడా" అని తల పట్టుకుని కూలబడ్డారు. అంతలో రచయిత్రి రానే వచ్చారు. "హంతకురాలు ఆ మేనత్త కావచ్చని నాకు తట్టనేలేదండీ!" అని ఒకటే నవ్వు. షరతు ఆవిడే కొట్టిపారేశారు.

అప్పటినుంచి చీకట్లో నన్ను ఎవరు ముందు ఏరుకుంటే వాళ్లే ఆ రోజుకి హంతకులు. వంటవాడు, తోటమాలి, ఒకసారి సాక్షాత్తూ ఇన్‌స్పెక్టరే! నవల చదివినవాళ్లే రెండేసిసార్లు వచ్చారు. నా రంగు పెచ్చులూడింది, మొన విరిగింది. అయినా ఎంత హాయిగా ఉందో!

నిన్న నలభయ్యో ఆట. హత్య అయిపోయాక, విరామంలో రచయిత్రి తెర వెనక్కి వచ్చి మాస్టారి చెవిలో అడిగారు.

"ఎవరికీ చెప్పను మాస్టారూ. ఇవాళ హంతకుడెవరు?"

"నాకు తెలిస్తేగా తల్లీ!" అన్నారాయన.

నాకు తెలుసు. అయినా చెప్పను.