హాజ్ ఫవ్వాజ్ అరచేతులు

మా ఇర్బిద్ ఆసుపత్రిలో క్యాన్సర్ మందులు కలిపే గది నేలమాళిగలో ఉంటుంది. ఫార్మసిస్టు నిహాద్ ఏళ్ల తరబడి అక్కడే పనిచేసింది. రెండు జతల గ్లవ్స్ వేసుకుని, అద్దాల పెట్టెలోకి చేతులు దూర్చి ఆమె కలిపి పంపిన మందుల్ని పై అంతస్తులో నర్సుగా నేను రోగులకు ఎక్కించేదాన్ని. సంచీ మీద రోగి పేరు, మందు పేరు, కింద నిహాద్ సంతకం ఉండేవి. రోగులు ఆమెకు ఆ పేర్లుగానే తెలుసు. రావలసిన పేరు ఎప్పుడైనా రాకపోతే ఎందుకు రాలేదని అడిగేది కాదు. వినడానికి భయమేమో అనుకునేదాన్ని. భయం కాదట, అడగడం తన పని అని ఎవరూ చెప్పలేదట. ఆ మాట చాలాకాలం తర్వాత ఆమే నాతో అంది.

ఈలోగా క్యాన్సర్‌కు మాత్రలు వచ్చాయి. మా కళ్లముందు మంచం మీద పడుకుని ఎక్కించుకునే మందు వేరు, ఇంటికి పట్టుకుపోయి వంటింట్లో మింగే మందు వేరు. ఇంట్లో ఏం జరుగుతోందో మాకు తెలిసే దారి లేదు. ఫార్మసిస్టులు పైకి వచ్చి రోగులతో స్వయంగా మాట్లాడాలని ఆసుపత్రివాళ్లు నిర్ణయించి, నిహాద్‌ను రాజధాని అమ్మాన్‌లో ప్రత్యేక శిక్షణకు పంపారు. శుక్ర, శనివారాలు అక్కడ క్లాసులు, మిగతా రోజులు ఇక్కడ డ్యూటీ. చదువంతా బస్సులోనే. పరీక్ష మంచి మార్కులతో పాసై వచ్చాక, డాక్టర్ ముసన్నా గది పక్కన దుప్పట్లు పెట్టుకునే చిన్న గదిని ఖాళీ చేసి ఆమెకు ఇచ్చారు.

డాక్టర్ ముసన్నా మంచి వైద్యుడే. కాకపోతే ఆయన దగ్గర రోగులు ఎక్కువ, ఓపిక తక్కువ. తను చెప్పినదానికి ఎదురు మాట ఒక్కటి కూడా తన రోగుల చెవిన పడకూడదని మొదటిరోజే నిహాద్‌కు చెప్పేశాడు. ఆమె సరేనంది. రోగులకేమో ఆమె అక్కడ ఎందుకు కూర్చుందో అంతుపట్టలేదు. కొందరు తలుపు తీసి తలనొప్పి మాత్ర ఉందా అని అడిగి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి రోజుల్లో హాజ్ ఫవ్వాజ్ వచ్చాడు. పాత బజారులో ఆయనకు కునాఫా అనే జున్ను మిఠాయి దుకాణం ఉంది. మా ఊళ్లో పెళ్లి కుదిరినా, పిల్లలు పరీక్ష గట్టెక్కినా ఆయన చేతి కునాఫా తినాల్సిందే. పెద్దపేగులో గడ్డ తీసేశారు గానీ, కాలేయంలో రెండు క్యాన్సర్ మచ్చలు మిగిలాయి. మూడు వారాలకోసారి ఇక్కడ మందు ఎక్కించుకోవాలి. మధ్యలో రెండు వారాల పాటు ఇంట్లో పొద్దునా సాయంత్రం తిన్న తర్వాత మాత్రలు వేసుకోవాలి. మచ్చలు చిన్నవైతే కోసి తీసేయొచ్చని డాక్టర్ ముసన్నా చెప్పి, ఆయన్ని నిహాద్ గదికి పంపాడు. వెంట కూతురు రనీమ్ ఉంది. ఫైలు ఇవ్వడానికి వెళ్లిన నేను అక్కడే ఆగిపోయాను.

నిహాద్ పరీక్షలో రాసినట్టు చెప్పుకుపోయింది. విరేచనాలు, నోటి పూత, గుండెలో నొప్పి. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మంటపుడతాయని, తోలు ఊడుతుందని, పగుళ్లు వస్తాయని, వేడి తగలనివ్వకూడదని. అందులో ఒక్క అబద్ధం లేదు. ఏదీ దాచకూడదని ఆమె ఉద్దేశం. రనీమ్ ముఖం పాలిపోయింది.

హాజ్ ఫవ్వాజ్ మాత్రం నవ్వాడు. “ముందు మందు చంపుతుందా, రోగం చంపుతుందా, అది చెప్పమ్మా. దుకాణం తాళాలు ఎవరికివ్వాలో చూసుకోవాలి.”

నిహాద్ కూడా నవ్వేసింది. అర్థమైందా అని అడిగితే, అంతా అర్థమైందని తలూపి వెళ్లాడు.

ఆ తర్వాత ప్రతి విడతకూ వచ్చాడు. సూది గుచ్చేటప్పుడు నన్ను ఆటపట్టించేవాడు. మాత్రలు వేసుకుంటున్నారా అని డాక్టరు అడిగితే, కూతురు కాపలా కాస్తుంటే తప్పించుకోవడం ఎవరి తరమని అనేవాడు. మూడు విడతలయ్యాక స్కాన్ తీశారు. ఒక మచ్చ అలాగే ఉంది, రెండోది కాస్త పెరిగింది. మందు పనిచేయడం లేదని, ఇంకా గట్టి మందుకు మార్చాలని డాక్టర్ ముసన్నా నిర్ణయించాడు. ఆ గట్టి మందు మనిషిని ఎంత పీల్చేస్తుందో మాకందరికీ తెలుసు.

ఆ రోజు హాజ్ ఫవ్వాజ్ నిహాద్‌కు ఒక కునాఫా డబ్బా తెచ్చాడు. బల్ల మీద పెట్టి, తాడు ముడి తానే విప్పాడు. నిహాద్ చూపు ఆయన చేతుల మీదే ఆగిపోయింది. ఆయన వెళ్లాక నన్ను పిలిచింది. ఇన్నాళ్లు ఆ మాత్రలు వాడిన చేతులు అంత నున్నగా ఉండటం అరుదంది. అందరికీ మంట రావాలని లేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే రక్తపరీక్షలు తిరగేసింది. ఆ మాత్రలు ఒకట్రెండు నెలలు వేసుకున్నవాళ్లలో ఎర్రకణాలు మామూలుకన్నా కాస్త పెద్దవవుతాయి. ఈయనవి మారలేదు.

డాక్టరుకు చెప్పమన్నాను. రూఢి కాకుండా చెబితే ఒక పెద్దమనిషిని అబద్ధాలకోరు అన్నట్టవుతుందని, ముందు ఆయన్నే అడుగుతానని అంది. సాయంత్రం ఇద్దరం పాత బజారుకు వెళ్లాం.

దుకాణం కిటకిటలాడుతోంది. మంట మీద కునాఫా పరిచిన పెద్ద రాగి పళ్లెం తిరుగుతోంది. హాజ్ ఫవ్వాజ్ దాని అంచును వేళ్లతో తోసి, పళ్లెం అడుగుకి అరచేయి దగ్గరగా పెట్టి వేడి చూసి, మళ్లీ తోస్తున్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ లోపలి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆయనే చెరో చిన్న పళ్లెంలో కునాఫా తెచ్చి పెట్టాడు. నిహాద్ చెంచా ముట్టుకోలేదు.

“బాబాయ్, ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మాత్రలు మింగడం లేదు కదూ?”

ఆయన ఒకసారి గుమ్మం వైపు చూశాడు. “ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. మీ చేతులు చూశాను.”

కాసేపు జోకు కోసం వెతుక్కున్నట్టు కనిపించాడు. దొరకలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “మొదట్లో రెండ్రోజులు మింగాను. వేళ్లు చురుక్కుమన్నాయి. నువ్వే కదమ్మా చెప్పావు, తోలు ఊడుతుందని. రనీమ్ చేతికిస్తే నోట్లో వేసుకుంటాను. ఇక్కడికొచ్చి ఉమ్మేస్తాను. ఈ పళ్లెం మా నాన్నది. కునాఫా అడుగు ఎర్రబడిందో లేదో నాకు చెప్పేది కళ్లు కాదు, ఈ అరచేయి. చేతులు పోగొట్టుకుని ఇంకో రెండేళ్లు బతికి ఏం చెయ్యను? కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుకోనా?”

నిహాద్ ఏదో వివరిస్తుందని నేననుకున్నాను. అలా కాకుండా, దుకాణం ఎప్పుడు తెరుస్తారో, పళ్లెం దగ్గర ఎంతసేపు నిలబడతారో, ఎప్పుడు తింటారో అడిగింది. ఆయన మొదట ముక్తసరిగా, తర్వాత ఉత్సాహంగా చెప్పాడు. జున్ను నానబెట్టే దగ్గర్నుంచి పాకం పోసే దాకా అన్నీ విన్నది. చివరికి అంది, “ఆ రోజు మీకు సగమే చెప్పాను బాబాయ్. మంట మొదలవగానే చెబితే మందు ఆపొచ్చు, తగ్గించొచ్చు, తగ్గాక మళ్లీ మొదలుపెట్టొచ్చు. చేతులు పూర్తిగా పాడయ్యేదాకా ఎవరూ చూస్తూ కూర్చోరు. ఆ ముక్క చెప్పకుండా మిమ్మల్ని భయపెట్టి పంపాను. తప్పు నాది.”

“నీదేం లేదమ్మా. నేనే పిరికివాణ్ణి,” అన్నాడాయన.

దుకాణంలో తండ్రికి సాయపడే రనీమ్ అప్పటికే జున్ను పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతవరకు విన్నదో తెలియదు. “నా చేత్తో ఇచ్చింది ఉమ్మేశావా నాన్నా?” అంది మెల్లగా. ఆయన తల తిప్పుకున్నాడు. ఆమె ఏడవలేదు. పళ్లెం కింద పెట్టి, నడుముకు గుడ్డ చుట్టుకుని, మాత్రలు వేసుకునే వారాల్లో మంట దగ్గర తనే నిలబడతానంది. ఎన్నోసార్లు అడిగినా ఆయన ఆమెను ఆ పళ్లెం ముట్టనివ్వలేదట.

“మాడ్చేస్తావు,” అన్నాడు.

“మాడిస్తే నువ్వే తిను.”

మర్నాడు నిహాద్ డాక్టర్ ముసన్నా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల జరిగింది తర్వాత చెప్పింది. ఆయనకు ముందు కోపం వచ్చిందట. తను నోరు తెరిచి అడిగితే అబద్ధం చెప్పాడు, దాన్ని నమ్మి మందు మార్చబోయానన్నాడట. తన మాటలకు బెదిరే హాజ్ ఫవ్వాజ్ మాత్రలు మానేశాడని నిహాద్ చెప్పింది. ఆ మాటతో ఆ దుప్పట్ల గది కూడా పోతుందనే అనుకుందట. డాక్టరు స్కాన్ మళ్లీ తీసి చూసి, “నేనైతే ఆ మాత్రం కూడా చెప్పను. వేసుకోండి అని చీటీ రాసిచ్చి పంపేస్తాను,” అన్నాడట. పాత మందే సరిగ్గా వాడించి చూద్దామని, రెండు విడతల తర్వాత కూడా తగ్గకపోతే మార్చేద్దామని ఒప్పుకున్నాడు. వారం వారం చేతులు చూసే బాధ్యత నిహాద్‌ది.

ఈసారి ఆయన మింగాడు. రెండో విడతకే అరచేతులు ఎర్రబడ్డాయి, బొటనవేలి దగ్గర తోలు లేచింది. ఆ సాయంత్రమే నిహాద్‌కు ఫోన్ చేశాడు. ఆమె డాక్టరుతో మాట్లాడి వారం ఆపించింది, మోతాదు తగ్గించింది, రాసుకోవడానికి లేపనం ఇచ్చింది. రనీమ్ మొదటి రోజుల్లో నిజంగానే రెండు పళ్లేలు మాడ్చిందని, నాన్న ఆ ముక్కలు బజారంతా చూపించి పరువు తీశాడని నవ్వుతూ చెప్పింది. తర్వాతి స్కాన్‌లో రెండు మచ్చలూ సగానికి తగ్గాయి. చలికాలం పోకముందే అమ్మాన్‌లో ఆపరేషన్ చేసి తీసేశారు.

అరచేతులు మళ్లీ నున్నబడ్డాయి. కానీ మేము ఎక్కించిన మందు వేళ్ల కొసల్లో స్పర్శను తీసుకుపోయింది. అలా కావచ్చని ఈసారి నిహాద్ ముందే చెప్పింది, మోతాదు తగ్గించమని డాక్టరును అడిగింది కూడా. అయినా ఆగలేదు. ఇప్పుడు వేడి పళ్లెం తాకినా ఆయనకు తెలియదు. పళ్లెం రనీమ్‌దైపోయింది. ఆయన గల్లా దగ్గర కూర్చుంటాడు. ఒకసారి నిహాద్ ముందు చేతులు చాపి, “చూడమ్మా, చక్కగా ఉన్నాయి, ఒక్కటీ పనికిరాదు,” అన్నాడు. నవ్వుతూ అన్న మాటే అది. ఆ రోజు ఆమె భోజనం చేయలేదు.

ఇప్పుడు మాత్రలు మొదలుపెట్టే ప్రతి రోగినీ డాక్టర్ ముసన్నా చీటీ మీద సంతకం పెట్టక ముందే నిహాద్ దగ్గరికి పంపుతున్నాడు. నేలమాళిగ నుంచి ఇద్దరు కొత్త ఫార్మసిస్టులు ఆమె దగ్గర నేర్చుకోవడానికి పైకి వస్తున్నారు. మొన్న వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, అజ్లూన్ నుంచి వచ్చిన ఒక దర్జీ ఆవిడతో మాట్లాడుతోంది. ఆమె పేరూ, మందూ ఫైల్లో ఉన్నాయి. నిహాద్ ఆ ఫైలు ఇంకా తెరవలేదు.

“పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో చెప్పండమ్మా,” అంటోంది నిహాద్. “తొందరేం లేదు.”