వెర్నాజ్ జెండా

వెర్నాజ్‌లో మనుషులు పెళ్ళిళ్ళు చేసుకుంటారు, కారు నిలిపే చోటు కోసం కొట్టుకుంటారు, నిండుగా బతికి చచ్చిపోతారు కూడా. పుట్టడం మాత్రం ఎవరూ పుట్టరు. ఊళ్ళో కాన్పుల ఆస్పత్రి లేదు. నొప్పులు మొదలైతే రోడ్డు దాటి లియోన్ నగరానికి పోవలసిందే. దాటడం అంటే నిజంగా దాటడమే. క్లో వీధిలో ఈ పక్క కాలిబాట వెర్నాజ్‌ది, ఆ పక్క కాలిబాట లియోన్‌ది, నడుమ ఒక తెల్ల గీత. చెత్తబండి ఇటు మంగళవారం వస్తుంది, అటు శుక్రవారం. అటువాళ్ళు సోమవారం చీకటి పడగానే తమ చెత్త ఇటు తెచ్చి పెడతారని వెర్నాజ్ వాళ్ళ గట్టి నమ్మకం.

అలాంటి ఊళ్ళో, ఊరి నేల మీదే పుట్టి, ఇంకా ఊళ్ళోనే మిగిలిన ఒకే ఒక్క మనిషి ఆంతెల్మ్ పెరషోన్. క్లో వీధిలోనే పాత ఇంట్లో ఉంటాడు. మేకులు, గొళ్ళాలు అమ్మే కొట్టు నడిపి మానేశాడు. ఎనభై నిండాయి గానీ గొంతుకి మాత్రం వయసు రాలేదు.

"నేనురా ఈ ఊరి వాణ్ణి! మీరంతా వలసొచ్చినోళ్ళు!" అని కాఫేలో అడుగుపెడుతూనే అరుస్తాడు. అందులో ఎక్కువ వాటా అదే వరసలో ఉండే గాస్పార్‌కి దక్కుతుంది. గాస్పార్ లియోన్ ఆస్పత్రిలో పుట్టి, తల్లి ఒళ్ళో వెర్నాజ్ చేరి, ఇక కదలకుండా ఇక్కడే ముసలివాడయ్యాడు. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే ఇనపగుళ్ళ ఆట జట్టు. అయినా ఆంతెల్మ్ లెక్కలో అతను పరాయివాడే.

"ఏరా వలసపక్షీ, మా ఊరి గాలి పడిందా?" అంటాడు.

"ఇప్పుడిప్పుడే అలవాటవుతోందిరా," అంటాడు గాస్పార్, గ్లాసు వంచుకుంటూ.

ఈ గొప్పంతా ఊరికే కాదు. వసంతం మొదట్లో వెర్నాజ్‌లో జట్ల పండగ జరుగుతుంది. పుట్టిన సంవత్సరం చివరి అంకె ఒకటే అయినవాళ్ళంతా ఒక జట్టు. ఇరవై ఏళ్ళ వాళ్ళ నుంచి ఎనభై ఏళ్ళ వాళ్ళ దాకా, ఈడుకో రంగు రిబ్బను చుట్టిన ఎత్తు టోపీలు పెట్టుకుని, చేతిలో పసుపుపచ్చని మిమోసా పూలగుత్తి పట్టుకుని, చేయీ చేయీ కలిపి వీధంతా ఊగుతూ నడుస్తారు. దాన్ని 'అల' అంటారు. ఆ ఏడు పుట్టిన పసికందులు తోపుడుబళ్ళలో వెనకాల వస్తారు. అందరికన్నా ముందు జెండా నడుస్తుంది. ఆ జెండా పట్టే చెయ్యి వెర్నాజ్ నేల మీద పుట్టినదై ఉండాలి. జట్టులో అలాంటివాళ్ళు లేని ఏడు జెండా లేకుండానే అల నడుస్తుంది. ఇది ఎక్కడా రాసిపెట్టిన చట్టం కాదు, అలవాటు. చట్టాన్ని మార్చడానికి సభ చాలు, అలవాటుని మార్చడం ఎవరి తరం?

ఒక జట్టు వంతు మళ్ళీ రావాలంటే పదేళ్ళు ఆగాలి. ఆంతెల్మ్ అరవైలో పట్టాడు, డెబ్బైలో పట్టాడు. ఈసారి ఎనభై. తొంభైలో కాళ్ళుంటాయో లేదో, అసలు తనే ఉంటాడో లేదో. అందుకే ఈసారి జెండా మోస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని దేవుడికి కూడా చెప్పుకున్నాడు, దేవుడితో పెద్దగా మాటల్లేకపోయినా.

పండగ ముందు రోజు అక్క క్లోతిల్డ్ బస్సెక్కి వచ్చింది. ఆమె అతనికన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. చెవులు మందగించాయి గానీ జ్ఞాపకం కత్తిలా ఉంది. గాస్పార్‌ని కూడా భోజనానికి పిలిచారు. రొట్టెలో పొదిగి కాల్చిన సాసేజ్, ఎర్రవైను, గులాబీరంగు బాదం పాకం పోసిన టార్టు. తిన్నవాళ్ళు కుర్చీలో వెనక్కి వాలేంత భోజనం.

ఆంతెల్మ్ వంటింటి వైపు వేలు చూపించి, "అదిగో, ఆ పొయ్యి పక్కనే పుట్టాను. రేపు జెండా ఎత్తేముందు ఆ గుమ్మానికి దండం పెట్టుకుని బయల్దేరతాను," అన్నాడు.

క్లోతిల్డ్ టార్టు ముక్క నోటి దగ్గరే ఆపింది. "ఏ పొయ్యిరా? ఆ చలికాలం మన పొయ్యిలో బొగ్గెక్కడ ఏడ్చింది? యుద్ధం రోజులు. అమ్మని ఎదుటింటికి, ఫెలిసీ పిన్ని ఇంటికి తీసుకెళ్ళారు. పిన్ని రంగుల మిల్లులో పనిచేసేది కాబట్టి బొగ్గు దొరికేది. నువ్వు అక్కడే పుట్టావు. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టారు, నాకు బాగా గుర్తు."

"ఎదుటిల్లా? రోడ్డవతలా?"

"మరి ఎదుటిల్లు రోడ్డివతల ఉంటుందట్రా?"

"మరి నా కార్డు మీద వెర్నాజ్ అనుందే!"

"నాన్న రాయించాడు. లియోన్ కచేరీ నది అవతల. బయట మంచు. మన కచేరీ సందు చివర, అందులో గుమాస్తా నాన్న ఆటల స్నేహితుడు. ఏ పక్కయితేనేం, పిల్లాడు పిల్లాడే అన్నాడు."

ఆంతెల్మ్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. గాస్పార్ వైపు చూశాడు. ఎనభై ఏళ్ళ వెక్కిరింతకి ఒక్క దెబ్బలో బదులు తీర్చుకునే అవకాశం. కానీ గాస్పార్ తల వంచుకుని పళ్ళెంలోని టార్టు పొడిని వేలితో ఏరుకుంటున్నాడు. 'దాచుకుంటున్నాడు, రేపు ఊరి మధ్యలో వదులుతాడు,' అనుకున్నాడు ఆంతెల్మ్.

ఆ సాయంత్రమంతా తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు. కిటికీలోంచి ఎదుటిల్లు కనబడుతూనే ఉంది. పిన్ని పోయాక అది చేతులు మారి, ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టయింది. జీవితమంతా అతను వేళాకోళం చేసిన ఆ కాలిబాటే అతని నేల. అతనికి సిగ్గేసింది, దిగులేసింది. అన్నిటికన్నా ఎక్కువగా, రేపు జెండా తనది కాదన్న బాధ.

తెల్లారి బ్యాండు మోగింది. ఎనభై ఏళ్ళవాళ్ళ తెల్ల రిబ్బను టోపీ బల్ల మీదే ఉంది. ఆంతెల్మ్ చెప్పులైనా మార్చలేదు. కాసేపటికి గాస్పార్ తలుపు తోసుకుని వచ్చాడు. అతని టోపీకీ తెల్ల రిబ్బనే.

"ఏంరా, పెళ్ళికూతురిలా ముస్తాబవుతున్నావా? బయట అందరూ నిలబడ్డారు."

"నేను రాను. నువ్వు విన్నావుగా. నవ్వుకో, నవ్వుకుని చెప్పుకో పో!"

"ఎవరికి చెప్పుకోను?" అన్నాడు గాస్పార్, కుర్చీ లాక్కుంటూ. "ఆ రోజు మీ పిన్ని ఇంటికి వేణ్ణీళ్ళు మోసింది మా అమ్మేరా. ఇక మీ పిన్ని నోట్లో నువ్వుగింజ నానేదా? సంతలో చెప్పింది, చర్చి మెట్ల మీద చెప్పింది. మనం బళ్ళో ఉన్నప్పుడే నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలియనిది నీకొక్కడికే."

ఆంతెల్మ్ అతని వైపు తిరిగాడు. "మరి ఇన్నేళ్ళూ నిన్ను వలసపక్షి అంటుంటే..."

"ఏం చెయ్యను? ఆ మాట అనేటప్పుడు నీ మొహం ఎంత వెలిగిపోయేదో నువ్వు చూసుకోలేదు. అయినా జెండా ఎవడో ఒకడు మొయ్యాలి కదరా. నీ అంత గట్టిగా అరిచేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. లే, చెప్పులు విడువు."

ఆంతెల్మ్‌కి కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి రుమాలు వెతుక్కుంటూ, బూట్లు కూడా వెతుక్కున్నాడు.

జెండా అందుకున్నాడు. బ్యాండు ముందుకి కదిలింది. వెనకాల అల ఊగింది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, నీలం, తెలుపు. క్లో వీధిలో ఏటా సగం రోడ్డుకే అనుమతి. అల కూడా బుద్ధిగా తెల్ల గీత ఇవతలే ఊగి వెళ్ళిపోతుంది. తన ఇంటి ముందుకి రాగానే ఆంతెల్మ్ ఆగాడు. బ్యాండు వాళ్ళు వాయిస్తూనే ముందుకి పోయారు. అతను పక్కకి తిరిగి, జెండా ఎత్తి పట్టుకుని, తెల్ల గీత దాటేశాడు.

"పెరషోన్‌గారూ! అటు అనుమతి లేదండీ! అది లియోన్!" అని మేయరమ్మ నెత్తి పట్టుకుంది.

అలకి అనుమతులేం తెలుసు? జెండా ఎటుపోతే అటే. ఇరవై ఏళ్ళ వాళ్ళు కేరింతలు కొడుతూ ఒరిగారు, వాళ్ళ చేతులు పట్టుకున్న పెద్దలూ ఒరిగారు, తోపుడుబళ్ళలోని పసికందులు కూడా దాటారు. ఎదురొచ్చిన కార్లు హారన్ కొట్టబోయి, పూలు చూసి ఊరుకున్నాయి. ఫోన్ల కొట్టు కుర్రవాడు తలుపు తీసి, అంత జనాన్ని చూసి, రెండు చేతులూ పైకెత్తాడు.

"భయపడకు నాయనా," అన్నాడు ఆంతెల్మ్. "నేను పుట్టింది నీ కొట్లో. చూసి పోదామని వచ్చాను."

జెండా నెమ్మదిగా గుమ్మం ముందు వంచాడు. వెనకాల టోపీలన్నీ ఒక్కసారి లేచాయి. రోడ్డివతల ఆంతెల్మ్ ఇంటి కిటికీలోంచి క్లోతిల్డ్ ఇంత పెద్ద గొంతుతో, "అదిగో, ఆ మెట్ల మీదే నన్ను కూర్చోబెట్టారు!" అని అరిచింది.

ఆంతెల్మ్ వెనక్కి తిరిగాడు. గాస్పార్ పక్కనే ఉన్నాడు, ఎప్పటిలాగే ఒక అడుగు వెనక.

"ఏంట్రా చూస్తున్నావు?" అని జెండా కర్ర అతని వైపు వంచాడు ఆంతెల్మ్. "నువ్వూ ఈ పక్క పుట్టినవాడివేగా. పట్టు."

ఇద్దరూ చెరో చెయ్యీ వేసి, తెల్ల గీత దాటి, జెండాని ఊళ్ళోకి తీసుకొచ్చారు.