మందు కొట్టని చేను

రెండువేల నాలుగులో, జూలూరుపాడు అవతల అడవికి ఆనుకొని ఉన్న తండాల పత్తికి పురుగుమందు కొట్టనిది కమ్లి ఒక్కతే. కిందటేడు మందు కొడుతుండంగనే ఆమె పెనిమిటి బిచ్యా సాళ్లల్ల నురగలు కక్కి పడిపోయిండు. ఖమ్మం దవాఖానాల తొమ్మిది దినాలుండి బతికిండు గానీ, ఇప్పటికీ చాయ గిలాస పట్టుకుంటే సగం ఒలికిపోతది. అందుకే వైరా నుంచి మోటార్ సైకిల్ మీద వచ్చే మార్కు సార్ వేపగింజల కషాయం సంగతి చెప్పంగనే కమ్లి వెనకాముందూ చూడలేదు. సార్ ఓ సంస్థల పనిచేస్తడు. ఆయన చెప్పినట్టే గింజలు ఏరింది, దంచింది, గుడ్డల మూటగట్టి నానేసింది. ఎకరం చేనంతా అదే కొట్టింది.

గట్టు అవతలి చేను బావ రూప్‌సింగ్‌ది. బిచ్యాకు సొంత అన్న. ఏడుసార్లు మందు కొట్టినా ఆయన కాయల్ల పురుగు చావలేదు. మందుల దుకాణం రామ్‌చందర్ తండాకొచ్చి, "మందులో తప్పేంలేదు రూప్‌సింగూ. నీ మరదలు చేన్ల పుట్టిన పురుగే నీ చేన్లకొస్తున్నది," అని చెప్పిపోయిండు. ఆ మాట రూప్‌సింగ్ నెత్తికెక్కింది.

దసరాకు నాలుగు రోజుల ముందు, పొద్దున్నే, రూప్‌సింగ్ ఇంకో అయిదుగురిని వెంటేసుకొని గొడ్డళ్లతోటి చేన్ల పడ్డడు. కమ్లి, మార్కు అప్పుడు ఆకులు తిరగేసి పురుగు గుడ్లు ఏరుతున్నరు.

"బావా! ఏంది గిది? కాయ పగిలే చెట్టు నరుకుతవా?"

"నీ పురుగులు నా పిల్లల కూడు తింటున్నయ్. చేనే లేకుంటే పురుగు యాడుంటది?"

మార్కు చేతులు అడ్డం పెట్టిండు. "అన్నా, ఒక్కమాట వినున్రి. రెండు చేన్ల కాయలూ తెంపి..."

గొడ్డలి కర్ర ఆయన కణత మీద పడ్డది. బోర్లా పడ్డ మనిషిని ఇద్దరు తన్నుతుంటే, మిగిలినోళ్లు సాళ్లకు సాళ్లు నరుకుతనే ఉన్నరు. పక్కటెముక విరిగిన చప్పుడు కమ్లికి వినబడ్డది. అడ్డం ఉరికితే రూప్‌సింగ్ ఆమె పొట్టల తన్నిండు. నోట్లె మట్టి పడ్డది. ఆయన జుట్టు పట్టి ఈడుస్తుంటే, నడుముకు చెక్కుకున్న కొడవలి ఆమె చేతికి దొరికింది. కండ్లు మూసుకొని ఊపింది. రూప్‌సింగ్ ముంజేయి ఎముక దాకా తెగింది. విచ్చుకున్న పత్తి మీద రక్తం చిమ్మింది. ఆయన అరుసుకుంట మోకాళ్ల మీద కూలబడ్డడు.

కమ్లి మళ్లా కొడవలి ఎత్తింది. ఈసారి కండ్లు తెరిచే ఉన్నది. మెడ చూసుకునే ఎత్తింది.

ఆ చేతిని వెనక నుంచి పట్టుకున్నది అరుపులకు ఉరికొచ్చిన సక్రి, రూప్‌సింగ్ పెండ్లాం. "వద్దే కమ్లీ, సంపకు!" కొడవలి గుంజి దూరం విసిరేసింది. కొంగు చింపి మొగని చేతికి గట్టిగ కట్టింది. కట్టి, తమ చేన్లకు పోయి పది కాయలు తెంపుకొచ్చింది. కమ్లి చేన్ల నరికిన చెట్లకు ఇంకో పది తెంపింది. అందరి ముందటనే రాయి మీద పెట్టి ఒక్కోటి పగలగొట్టింది. తమ కాయలు ఎనిమిదింట్ల పురుగు కదులుతున్నది. కమ్లి కాయలు రెండింట్లనే.

"చూడున్రి, కండ్లున్నయ్ గద! ఏడుసార్లు మందుకు నీళ్లు మోసింది నేను. ఆ మందు వాసనకు రెండు కాన్పులు పోయినయ్ నాకు. అప్పుడు ఎవని మీదికి పోయిన్రు గొడ్డళ్లు పట్టుకొని?"

వెంటొచ్చినోళ్లు గొడ్డళ్లు దించిన్రు. ఒక్కొక్కడే గట్టు దిగి పోయిండు. బిచ్యా ఆటో తెచ్చిండు. మార్కునూ రూప్‌సింగ్‌నూ అదే ఆటోల పక్కపక్కన పండబెట్టి దవాఖానాకు తోలుకపోయిన్రు.

పోలీసులొచ్చిన్రు, రెండు దిక్కులా రాసుకున్నరు, పెద్దమనుషుల్ల రాజీ అయింది. కమ్లికి మిగిలింది పద్నాలుగు సాళ్లు. పత్తి అయిపోయేదాక అవే ఏరింది. రూప్‌సింగ్ రెండు వేళ్లు ముడుచుకోవు. ఆయన కమ్లితోటి మాట్లాడడు గానీ, మరుసటేడు సక్రి వేపగింజలు నానేస్తే వద్దనలేదు. ఇంకో నలుగురు ఆడోళ్లు కూడ నానేసిన్రు.

మార్కు మళ్లా వచ్చినప్పుడు ఆయన కణత మీద కుట్ల మచ్చ తెల్లగ ఉన్నది. "కమ్లక్కా, ప్రతి తండాల నీ సంగతే చెప్తున్న," అన్నడు సంబరంగ.

"చేను సంగతి చెప్పు సార్. కొడవలి సంగతి చెప్పకు." ఆమె మొఖం తిప్పుకున్నది. "సక్రి అక్క పట్టుకోకుంటే సంపేదాన్నే. పండుకుంటే గదే యాదికొస్తది."