పక్కకుర్చీ

మా ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తారు. పెళ్లైన కొత్తలో, అంటే పోయిన నెలలో, ఆ సంగతి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆఫీసు పేరెత్తితే ఒళ్లు మండుతోంది. కారణం ఆయన పక్కకుర్చీ, అందులో కూర్చునే ఆవిడ.

అక్కడో పద్ధతి ఉంది. ఒకరు రాసిన అర్థాన్ని పక్కవాళ్లకి చదివి వినిపించాలి. అది ఏ మాటకో వాళ్లు చెప్పగలిగితేనే పుస్తకంలోకి వెళుతుంది. తట్టేదాకా మాట బయటపెట్టకూడదు. ఈయన చదవడం, ఆవిడ టక్కున చెప్పడం, ఇద్దరూ నవ్వుకోవడం!

"ఏమంటోంది మీ పక్కకుర్చీ?" అన్నాను టీ అందిస్తూ, ఏమీ పట్టనట్టు.

"పాపం, ఇవాళ ఆవిడకి తట్టలేదు."

ఆ 'పాపం' గుచ్చుకుంది.

"నాకు చదవండి."

"నీకెందుకోయ్ ఈ గోల?"

"ఆవిడకి లేని గోల నాకొచ్చిందా?"

"సరే. ఇంగ్లీషు క్రియ. వివరాలు సేకరించు."

"కలెక్ట్!"

"ఆవిడా అదే అంది."

నాలుక కొరుక్కున్నాను. ఆయన ఇటూ అటూ చూసి, నా చెవిలో చెప్పారు, "గ్లీన్."

ఆవిడకి చెప్పని మాట నాకు చెప్పారు! ఎగిరి గంతేద్దామనిపించింది.

పాత ఫ్రెంచిలోంచి వచ్చిందట. అంతకు ముందు లాటిన్, ఆ వెనక ఎక్కడిదో గట్టిగా ఎవరూ చెప్పలేరట. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం మొదటి అర్థం. సమాచారానికి వాడడం తర్వాత వచ్చింది.

"పరిగ ఏరడమన్నమాట. మరి మీ అర్థంలో ఆ ఏరడమేదీ?"

"ఎలా రాయమంటావ్?"

చెబితే ఆవిడ టక్కున చెప్పేస్తుంది, మళ్లీ ఇద్దరూ నవ్వుకుంటారు. చెప్పకపోతే ఈ మాట మా ఇద్దరిదే. కానీ ఆయన ముఖం బాగా వాడిపోయి ఉంది.

"నన్ను చూసి రాయండి. ఆవిడ టీలో చక్కెర వేసుకోదు. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. కిటికీ పక్క చోటు మీకే వదిలేసింది. ఇవన్నీ మీరు నన్ను కూర్చోబెట్టి చెప్పారా? మీ మాటల్లోంచి రాలినవి ఒక్కొక్కటే ఏరుకున్నాను."

ఆయన పకపకా నవ్వి రాసుకున్నారు: రాలిన ముక్కల్ని ఓపిగ్గా ఏరుకుని సంగతి తెలుసుకొను.

మర్నాడు సాయంత్రం ముఖం ముడుచుకుని వచ్చారు.

"చదవగానే చెప్పేసింది. ఎవరు రాశారని అడిగింది. నువ్వేనన్నాను."

"ఏమందేమిటి?"

"ఆఫీసులో ఖాళీ ఉందట, నిన్ను తీసుకురమ్మంది. తన పక్కన కూర్చోబెట్టుకుంటుందట. నన్ను ఎదురుబల్లకి పొమ్మంది."

"అయితే మీకు కుళ్లు!"

"ఛ, నాకెందుకూ?" అంటూ ఆయన చెంచాతో టీ కలుపుతూనే ఉన్నారు. అందులో నేనింకా చక్కెర వెయ్యనే లేదు.